అమ్మతో ఒక్కరోజులో కల్లు మాన్పించాను

ఆ మంగళవారం పొద్దున అమ్మ చేతిలోంచి పల్లికాయ జారి పడింది. వంగి తీసుకుంది. మళ్లీ జారింది. మా అమ్మ చెన్నమ్మ పల్లికాయ ఒలవడంలో మా వాడకట్టులో ఎవరికీ అందేది కాదు. మాట్లాడుతూ, నవ్వుతూ, మధ్యలో నన్ను తిడుతూ, చేతుల వైపు చూడకుండానే చాట నింపేసేది. అలాంటి మనిషి ఒక్క కాయను రెండు వేళ్ల మధ్య పట్టుకోలేకపోతోంది.

"ఏందమ్మా, గట్ల వణుకుతున్నవ్?" అన్నాను.

"ఏం లే బిడ్డా. జర సలిగున్నది."

అది ఎండాకాలం. తొమ్మిది గంటలకే రేకుల కింద కూర్చోలేకపోతున్నాం. అమ్మ నుదుటి మీద చెమట ధారకట్టింది, పైగా చలి అంటోంది. నేనేమనుకున్నానో దాచకుండా చెబుతాను. సాయంత్రం సీసా కోసం ఇప్పటినుంచే నాటకం మొదలుపెట్టింది అనుకున్నాను. చాట లాక్కుని నేనే ఒలవడం మొదలుపెట్టాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే.

నా పేరు భాగ్య. కొత్తకోటకు దగ్గర్లోనే మా ఊరు. కొత్త జిల్లాలు వచ్చాక మేము వనపర్తి కిందికి పోయాం గానీ, పెద్ద రోగమొస్తే ఇప్పటికీ మహబూబ్‌నగర్ బస్సే ఎక్కుతాం. నాయినకు హైవే పక్కన పంక్చర్ షాపుంది. అమ్మ కూలికి పోయేది. డిగ్రీ అయ్యాక నేను ఏడేళ్లు ప్రైవేటు బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పాను. విసుగొచ్చి, దూరవిద్యలో ఒక డిప్లొమాలో చేరాను. తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడాలనుకునే వాళ్లకు కౌన్సెలింగ్ చేసే చదువు అది. అమ్మ కోసమే చేరానని అందరికీ చెప్పుకునేదాన్ని. అసలు సంగతి, ఆ చదువుకు ఉద్యోగాలున్నాయని ఎవరో చెప్పారు, అంతే.

అమ్మది కల్లు. మా దిక్కు కల్లును తాగుడు కింద లెక్కపెట్టరు. "మీ అమ్మ తాగుతదా?" అని ఎవరైనా అడిగితే, "మందు ముట్టదు, కల్లే" అంటాం. ఒంటికి చలవ అంటాం, రాళ్లు కరుగుతాయంటాం. నేను పుట్టినప్పుడు బాలింతకు పాలు పడతాయని మా అవ్వ అమ్మకు పోసిందట. అప్పటినుంచి ఆగలేదు. చెట్టు కల్లయితే అది వేరే సంగతి. మాకు వచ్చేది సీసాల్లో, కల్లు అమ్మే కాంపౌండ్ నుంచి. దాంట్లో మత్తు బిళ్లల పొడి కలుపుతారని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. 'మందు కల్లు' అనే పేరే ఉంది. తెలిసీ తాగుతారు. చుక్క కూడా ముట్టని మా నాయినే రోజూ సాయంత్రం ఐదింటికి సైకిల్ మీద సీసాలు తెచ్చి అమ్మ ముందు పెట్టేవాడు. ఎండలో కష్టపడి వచ్చిందని, అదే ఆయన ప్రేమ.

ఇక ఆ మంగళవారానికి ముందు ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి. మా డిప్లొమాకు మహబూబ్‌నగర్‌లో క్లాసులు జరిగాయి. వ్యసనం అంటే ఏమిటో, మనిషిని ఎలా మార్చేస్తుందో చెప్పారు. విత్‌డ్రాయల్ గురించి, అంటే మత్తు ఆపితే ఒంట్లో ఏమవుతుందో చెప్పే పాఠం తరువాతి నెలకు పెట్టారు. నేను అంతదాకా ఆగుతానా? చేరి రెండు నెలలైంది, నోట్‌బుక్ సగం నిండింది, నాకు అన్నీ తెలిసిపోయాయి. బస్సు దిగి నేరుగా అమ్మ ముందు కూర్చున్నాను. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. చివరికి ఆమె కుడిచెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"ఇగ ముట్టనని నా మీద ఒట్టెయ్యి."

మా దగ్గర బిడ్డ తల మీద ఒట్టు వేస్తే ఆషామాషీ కాదు. అది తప్పితే ఆ బిడ్డకే కీడు అంటారు. అమ్మ చెయ్యి వెనక్కి గుంజుకోబోయింది. నేను వదల్లేదు. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే తీ. ముట్టను," అంది. నాయిన సీసాలతో వచ్చేసరికి నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. రెండూ తీసుకుని మోరీలో ఒంపేశాను. ఏదో యుద్ధం గెలిచినట్టు అనిపించింది. ఆ రాత్రి మా క్లాసు గ్రూపులో మెసేజ్ కూడా పెట్టాను: మా అమ్మతో ఒక్కరోజులో మాన్పించాను అని. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

మంగళవారం మధ్యాహ్నానికి అమ్మ గోడ మీద చీమల్ని దులపడం మొదలుపెట్టింది. గోడ మీద చీమల్లేవు. ఎప్పుడో చనిపోయిన తన అక్కతో మాట్లాడుతోంది. "అక్కా, జర జరుగు, నేను గుడ కూసుంట," అంటోంది. పక్కింటి ఎల్లమ్మ పిన్ని వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"పిల్లా, నీకు దండం పెడత. ఒక్క గిలాస వొయ్యే. మంచిగైతది."

"నువ్వు ఊకో పిన్నీ. నీకేం తెలుస్తది? రెండొద్దులు ఓపిక పడితే అంత మంచిగైతది."

"ఏం సదువే నీది! ఓ దిక్కు మనిషి పోతాందే!" అని తిట్టుకుంటూ పోయింది. పిన్ని చెప్పింది వైద్యం కాదు. కానీ ఆ గదిలో ప్రమాదాన్ని గుర్తుపట్టిన మనిషి ఆమె ఒక్కతే, నేను కాదు. ఇంకో పావుగంటకు అమ్మ కళ్లు పైకి తేలాయి, పళ్లు గిట్టకరుచుకుపోయాయి, ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. నోట్లోంచి నురగ. నేను అరిచిన అరుపుకు వాడకట్టంతా వచ్చింది. ఎవరో 108కి ఫోన్ చేశారు. దారిలో, మహబూబ్‌నగర్ చేరకముందే ఇంకోసారి వచ్చింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ముందు ఇంజెక్షన్ ఇచ్చి ఫిట్స్ ఆపారు. షుగర్ చూశారు, రక్తం తీశారు, సీటీ స్కాన్‌కు పంపారు. అన్నీ అయ్యాక సైకియాట్రీ డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"తాగుతుందా?"

"మందు తాగదు మేడమ్. కల్లే."

ఆమె పెన్ను ఆపింది. "చెట్టు కల్లా, సీసా కల్లా?"

"సీసాది."

"ఎన్నేళ్ల నుంచి?"

"నేను పుట్టినప్పటి నుంచి. నాకు ముప్పై ఒకటి."

"ఎప్పుడు ఆపింది?"

"ఆదివారం నుంచి మేడమ్. మొత్తానికే మానేసింది. ఒక్క చుక్క ముట్టలే." అప్పుడు కూడా నా గొంతులో గర్వం ఉంది, చూడండి.

"ఎవరు మాన్పించారు?"

"నేనే."

"నువ్వేం చేస్తావ్?"

"తాగుడు మాన్పించే కౌన్సెలింగ్ చదువుతున్న మేడమ్."

ఆమె నవ్వితే బాగుండేది. నవ్వలేదు. కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది. "చూడమ్మా, ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం లాంటి మందు. మీ అమ్మ మెదడు ముప్పై ఏళ్లుగా దాని మీదే నడుస్తోంది. ఒక్కసారి ఆపితే ఇదిగో, ఇట్లా విత్‌డ్రాయల్ సీజర్స్ వస్తాయి. మనుషులు చనిపోతారు కూడా. మెట్ల బావిలో ఎట్లా దిగుతాం? ఒక్కో మెట్టు దిగుతాం. నువ్వు మీ అమ్మను పైనుంచి తోసినవ్."

నాయిన పక్కనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "సీసాలు తెచ్చింది నేను గద మేడమ్. నన్నే అనుండ్రి," అన్నాడు.

ఆ తరువాతి నాలుగు రోజులు నేను చూసినవి ఏ పుస్తకంలోనూ చదవలేదు. మంచానికి చేతులు వదులుగా కట్టి ఉంచారు. స్పృహ ఉందో లేదో తెలియదు. కానీ వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఏం చేస్తోందా అని వంగి చూశాను. దుప్పటి మీద లేని పల్లికాయలు ఒలుస్తోంది. పగలగొట్టడం, గింజ తీయడం, పొట్టు పక్కకు నెట్టడం, అన్నీ సరిగ్గా అదే వేగంతో. మనిషి తన పేరు మరిచిపోయింది, నన్ను మరిచిపోయింది, చేతులు మాత్రం పని మరవలేదు. డాక్టరమ్మను పిలిచి చూపించాను. "డెలీరియం ఇది. మతి చెదిరినప్పుడు అంతే. ఏ పని జీవితమంతా చేశారో అదే చేస్తుంటారు," అంది. మేమిద్దరం ఆ చేతులనే చూశాం. నాకు దండం పెట్టాలనిపించింది.

నాలుగో రోజు "గిదేం ఊరే?" అంది. ఐదో రోజు పొద్దున కళ్లు తెరిచి, నన్ను పైనుంచి కిందికి చూసి, "తల దువ్వుకోలేదేందే, దయ్యం లెక్క ఉన్నవ్," అంది. అవ్వో, నా సంబరం చూడాలి! వార్డంతా వినపడేలా ఏడ్చాను. ఒక మనిషి మెదడు ఎక్కడెక్కడో తిరిగి, వెతుక్కుంటూ, మళ్లీ తన ఇంట్లోకి తానే వచ్చి కూర్చోవడం నేను నా కళ్లతో చూశాను. అంతకంటే వింత నా జీవితంలో ఇంకోటి చూడలేదు.

ఇక్కడితో నాకు బుద్ధి రావాలి. రాలేదు.

తొమ్మిదో రోజు డిశ్చార్జి చేశారు. డయాజిపామ్ బిళ్లలు ఇచ్చి, వారం వారం ఎలా తగ్గించాలో కాగితం మీద రాసిచ్చారు. టేపరింగ్ అంటారు. పది వారాలు. ఇంటికొచ్చి ఆ బిళ్ల పేరు నా నోట్‌బుక్‌తో పోల్చుకున్నాను. కల్లులో కలిపే మందూ ఇదీ ఒకే కుటుంబం! నా రక్తం మరిగింది. మత్తుమందు మాన్పించడానికి మత్తుమందేనా? పది వారాలు మింగితే దీనికి అలవాటు పడదా? ఎవరినీ అడగలేదు. డాక్టరమ్మ నంబరు నా ఫోన్లో ఉంది, అయినా చెయ్యలేదు. రెండు వారాలు సరిగ్గా ఇచ్చాను. మూడో వారం నుంచి ఒకటిన్నర ఇవ్వాల్సిన చోట సగం ఇచ్చాను. తరువాత అదీ ఆపి, విటమిన్ బిళ్ల చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు, నేనిచ్చింది నమ్మి మింగింది.

ఆపిన నాలుగో రోజు నల్లా దగ్గర బిందె ఎత్తుతూ అమ్మ పడిపోయింది. మళ్లీ ఫిట్స్. నుదురు గచ్చుకు కొట్టుకుంది. ఏడు కుట్లు పడ్డాయి.

ఈసారి డాక్టరమ్మకు అన్నీ చెప్పేశాను. చెప్పకపోతే మందు పని చేయలేదనుకుని ఇంకేదో ఇస్తారన్న భయంతో చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"రెండూ ఒకే జాతి మందులే, నువ్వు చదివింది కరెక్టే. కానీ ఇది నెమ్మదిగా దిగే మందు. ఎంత ఇస్తున్నామో మనకు తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలుసు. కల్లులో ఎంతుందో కలిపినవాడికి కూడా తెలీదు. నీకు సగం తెలుసు. నాకు ఏమీ తెలియనివాళ్లతో భయం లేదు భాగ్యా, వాళ్లు అడుగుతారు. నీతోనే భయం."

పది వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి రాసిచ్చి, నన్ను కింది అంతస్తులో కౌన్సెలర్ నర్సింలు సార్ దగ్గరికి పంపింది. అమ్మను కాదు, నన్ను. ఈయనది నకిరేకల్. నిమ్మకాయల మార్కెట్లో హమాలీగా బస్తాలు మోసేవాడట. తాగి తాగి ఇదే వార్డులో పేషెంటుగా పడుకుని, బాగుపడి, నలభై ఏళ్లు దాటాక చదువుకుని ఇక్కడే కౌన్సెలర్ అయ్యాడు. నేను చదివే డిప్లొమానే ఆయనా చదివాడని తెలిసి కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

"చెల్లే, మీ అమ్మను ఇప్పటిదాంక ఏమేం అడిగినవ్?"

"చానా అడిగిన సార్. ఎందుకు తాగుతవ్, సిగ్గనిపిస్తలేదా, నలుగుట్ల నా పరువేం గావాలె అని..."

"అవి అడుగుడు గాదు తల్లీ, తిట్టుడు. ఆఖరుకు ప్రశ్న గుర్తు వెట్టినంత మాత్రాన ప్రశ్న అయితదా?"

ఆయన నాకు ఒక పని చెప్పాడు. వారం రోజులు అమ్మకు ఒక్క సలహా ఇవ్వకూడదు. రోజుకు ఒక్కటే ప్రశ్న, అది కూడా నాకు జవాబు తెలియనిది. ఆమె చెప్పడం అయిపోయేదాకా నోరు తెరవకూడదు. ఎంత సులువు అనుకున్నాను. మొదటి రోజు నోరు బిగబట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"అమ్మా, పొద్దుగూకే యాళ్లకు నీకు ఎట్లుంటది?" అని అడిగాను. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు. అమ్మ ముందు తెల్లబోయింది. తరువాత మెల్లగా చెప్పింది.

"మెడ నరాలు గుంజుతయ్ బిడ్డా. ఎవలో పిలిచినట్టయితది, లేసి వాకిట్లకు వోత. ఎవలుండరు. దినమంత మంచిగనే ఉంట. ఐదైతే చాలు, ఈ ఇల్లు నాది గానట్టు కొడతది. మీ నాయిన సైకిల్ సప్పుడు ఇంటె నోట్లె నీళ్లూరుతయ్, ఏడుపూ వస్తది. రెండు ఒక్కపారే."

లోపలి గదిలోంచి నాయిన ఇదంతా విన్నాడు. మరుసటి రోజు నుంచి ఆయన ఐదింటికి ఇంటికి రాలేదు. నాలుగున్నరకే వచ్చి అమ్మను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని షాపుకు తీసుకుపోయేవాడు. ఐదు నుంచి ఏడు దాకా అమ్మ హైవే పక్కన స్టూలు మీద కూర్చుని, బెంగళూరు పోయే లారీలను చూస్తూ, ట్యూబులు నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో పట్టుకునేది. "గీడ గీడ, నీ కండ్లు యాడ వెట్టినవయ్యా," అని నాయినను దబాయించేది. ఆ చికిత్స ఏ సిలబస్‌లోనూ లేదు. ఇక బిళ్లలు సగం, పావు చేయడం కూడా ఆయనే చూసుకున్నాడు. పంక్చర్ ప్యాచులు కత్తిరించే చెయ్యి కదా, కొత్త బ్లేడుతో పావు బిళ్ల కోస్తే పొడి కూడా రాలేది కాదు. నన్ను మాత్రం బిళ్లల డబ్బా ముట్టనివ్వలేదు. "నువ్వు సదువుకో తల్లీ," అనేవాడు. అంత సున్నితంగా నన్ను ఇంకెవరూ తిట్టలేదు.

అంతా సాఫీగా పోలేదు. ఆరో వారంలో అమ్మకు నిద్ర పూర్తిగా పోయింది. ఏడో వారంలో ఒకరోజు "నన్ను కల్లుకు ఎల్లమ్మ ఇంటికి పంపు, లేకుంటె బాయిల వడత" అని నా మీద గిన్నె విసిరింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "ఒక మెట్టు పైకి ఎక్కండి. రెండు వారాలు అక్కడే ఉండండి. పరుగు పందెం కాదు," అంది. పది వారాలు కాస్తా పద్నాలుగయ్యాయి. ఆఖరి పావు బిళ్ల మింగిన రోజు అమ్మ పట్టపగలు, పంక్చర్ షాపులో, లారీల హారన్ల మధ్య స్టూలు మీద కూర్చునే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. కల్లు లేకుండా, బిళ్ల లేకుండా, ముప్పై ఏళ్ల తరువాత తనంతట తానుగా వచ్చిన నిద్ర. నాయిన సుత్తి పక్కన పెట్టి, వచ్చిన గిరాకీని సైగ చేసి ఆపాడు.

అప్పటికి నా ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. అదే దవాఖాన, అదే వార్డు. గురువారాలు నర్సింలు సార్ గ్రూపు నడిపేవాడు. తాగుడు మానుతున్నవాళ్లు ఎనిమిది, పది మంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ట్రైనీ మూలన కూర్చుని రాసుకోవాలి, నోరు మెదపకూడదు. ఒక గురువారం అమ్మ కూడా వచ్చి కూర్చుంది. సార్ నన్ను బయటికి పొమ్మంటాడేమో అని చూశాను. అమ్మనే అడిగాడు. "ఉండనియ్యి సారూ," అంది.

ఒక యువకుడు, "అకస్మాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయని నాకు తెలీదు," అన్నాడు. అమ్మ అందుకుంది.

"నాకు ఎర్కనే."

సార్ ఆమె వైపు తిరిగాడు. "ఎట్ల ఎర్క అమ్మా?"

"నా జతల నాట్లకొచ్చే బాలకిష్టమ్మ అని ఒకామె ఉండె. ఒకపారి మా దిక్కు కాంపౌండ్ బంద్ వెట్టిండ్రు. మూడో దినం మడిలనే పడ్డది. గిట్లనే కొట్టుకున్నది, గిట్లనే నురగలు. నా ఒళ్లెనే పానం ఇడిసింది. నాకు సోమారమే తెలిసింది, నా చేతులు వణకబట్టంగనే. బాలకిష్టమ్మ తొవ్వల పోతున్న అనుకున్న."

"మరి తెలిసినంక ఒక్క గుక్క ఎందుకు తాగకపోయినవ్?"

అమ్మ నా వైపు చూడలేదు. "దీని నెత్తి మీద చెయ్యి వెట్టిన గద సారూ. నేను తాగితె దీనికేమన్న అయితె? నాదేమున్నది, పోయేదాన్ని పోత. అది సదువుకుంటున్నది."

నా చేతిలో పెన్ను ఉంది, రాయలేదు. రెండు రోజులు చావు తన మీదికి వస్తుంటే చూస్తూ, పక్కింట్లో ఒక్క గ్లాసు అడిగితే బతికే వీలుండి కూడా, నా తల మీది ఒట్టు కోసం నోరు కట్టుకుని కూర్చుంది మా అమ్మ. నేను ఆ మనిషినే నాటకాలు ఆడుతోందనుకున్నాను. తాగేవాళ్లకు మనోబలం ఉండదని నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసి మరీ రాసుకున్నాను. అంత బలం నేను ఎవరిలోనూ చూడలేదు, నాలో అయితే అసలే లేదు. ఆమె ముందు నేను ఎంత చిన్నదాన్నో ఆ మూలన కూర్చుని అర్థం చేసుకున్నాను.

గ్రూపు అయ్యాక వరండాలో అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, ఆ చెయ్యి తీసుకుని మళ్లీ నా తల మీద పెట్టుకున్నాను. "అమ్మా, ఆ ఒట్టు నేను వాపస్ తీసుకుంటున్న. ఇంకెప్పుడు ఎయ్యకు. తాగినా, తాగకున్నా, నాకు చెప్పు. అంతే."

"ఒట్టెయ్యాల్నా?" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

మొదటిసారి ప్రాక్టికల్ పరీక్షలో నేను ఫెయిలయ్యాను. మూడు నిమిషాల్లో ఐదు సలహాలు ఇచ్చానట. రెండోసారి పాసయ్యాను. ఇప్పుడు అదే వార్డులో వారానికి నాలుగు రోజులు నర్సింలు సార్ దగ్గర పని నేర్చుకుంటున్నాను, పై చదువుకు ఫీజు కూడా కట్టాను. మందు కల్లు మానడానికి వచ్చే ఆడవాళ్లను నా దగ్గరికే పంపుతారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇంకా ఆశ్చర్యమే. చేతులు వణుకుతూ, బిడ్డను చంకనేసుకుని, రెండు బస్సులు మారి వస్తారు. అలా రావడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

పోయిన ఏడు మా మేనమామ చనిపోయాడు. అమ్మ తన పుట్టిన ఊరికి పోయి పదకొండు రోజులు అక్కడే ఉంది. మూడో రోజు పిట్టకు, అంటే కాకికి ముద్ద పెట్టేటప్పుడు, పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో పెడతారు. ఆయనకు ఇష్టమైనది కల్లే. పెట్టిన తరువాత అందరికీ పోస్తారు, అన్న పేరు మీద పోసినదాన్ని అమ్మ కాదనలేకపోయింది. పన్నెండో రోజు కొత్తకోట బస్టాండులో నేను ఎదురు పోయాను. అమ్మ బస్సు దిగి, సంచి నా చేతికివ్వకుండా అలాగే నిలబడింది.

"బిడ్డా, తాగిన. ఎనిమిదొద్దులు తాగిన. నిన్న సంది తాగలే, చేతులు వణకబట్టినయ్. ఇంటికొద్దు, మహబూబ్‌నగర్ బస్సెక్కుదాం పా. డాక్టరమ్మ తోని చెప్పాలె."

నా నోటిదాకా ఎన్ని మాటలు వచ్చాయో! ఒక్కటీ అనలేదు. "తిన్నవా అమ్మా?" అని అడిగాను. అరటిపండ్లు కొనుక్కుని ఎదురుగా వచ్చిన బస్సెక్కాం. ఈసారి ఫిట్స్ రాలేదు. మూడు వారాల బిళ్లలతో అయిపోయింది.

మీ ఇంట్లో ఎవరైనా మందు కల్లు తాగుతుంటే, నేను చెప్పేది ఒక్కటే. ఒక్కరోజులో మాన్పించకండి. ఒట్టు పెట్టించుకోకండి, ఇంట్లో కట్టేయకండి. ఆపకముందే, తాగుతున్నప్పుడే దవాఖానకు తీసుకుపొండి. ఎన్ని సీసాలో, ఎన్నేళ్లో దాచకుండా డాక్టరుకు చెప్పండి. బిళ్లలు డాక్టరు చెప్పినన్ని వారాలు ఇవ్వండి, ఒక్కటి కూడా మీ తెలివితో తగ్గించకండి. ఆ ఒట్టు ఇంకా నా తల మీద ఉండి ఉంటే, అమ్మ ఆ బస్టాండులో నాకు ఏమీ చెప్పేది కాదు. చేతులు కొంగులో దాచుకుని, నవ్వుకుంటూ నాతో ఇంటికే వచ్చేది.